బిందెకు కుదురు

మహర్నవమి నాడు, బుధవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా వీధి నీళ్ళ మెషిన్ చూపు పోయింది. టైము నాకు కచ్చితంగా తెలుసు. ముప్పయ్యేళ్ళు ఆదోని బడిలో లెక్కలు చెప్పినదాన్ని, గడియారం చూడకుండా ఏ పనీ మొదలుపెట్టను. ఆ పూట కొబ్బరికాయ ఎప్పుడు కొట్టాలో చెప్పింది కూడా నేనే.

ఆయుధ పూజ మా వీధిలో దేన్నీ వదలదు. కత్తిపీట, రోకలి, మిక్సీ, ఆటో, అన్నిటికీ బొట్టు పడాల్సిందే. పక్కింటి బూబమ్మ బొంతలు కుట్టి బతుకుతుంది. వాళ్ళకు ఈ పండుగ లేదు గానీ, ఆమె కుట్టుమిషన్‌కు మా కోడలు ఏటా పోయి పసుపు కుంకుమ పెట్టకపోతే ఊరుకోదు. "సూది ఇరిగితే మీదే పూచీ," అంటుంది.

వీధి మొదట్లో మంచినీళ్ళ మెషిన్ నిలబెట్టింది ఎండాకాలంలో. నీలం రంగు బీరువాలా ఉంటుంది. కార్డు ఆనించి అంకె నొక్కితే కుళాయిలో నీళ్ళు వస్తాయి. దానికి అది మొదటి పండుగ. ఆడవాళ్ళంతా కలిసి కడిగారు, బంతిపూల దండ వేశారు. పత్తి కూలికి పోయే ఎదురింటామె విభూతి మూడు గీతలు గీసి, బొట్టుకు చోటు వెతికింది. కుళాయి పైన, సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట, రూపాయి బిళ్ళంత నల్లటి గాజు ముక్క ఉంది. బొట్టుకు అంతకంటే మంచి చోటు ఎవరికి మాత్రం దొరుకుతుంది? తడి కుంకుమ నిండుగా అద్దింది. ఎర్ర లైటు వెలిగింది. ఆ తర్వాత ఎవరు కార్డు పెట్టినా చుక్క రాలేదు.

"అలిగినట్టుంది," అంది ఎదురింటామె, చేతిలో కుంకుమ గిన్నెతో అట్లాగే నిలబడి.

"పూజ చేసినాంక అలిగేది మొగోళ్ళు గానీ, మిషన్లు కాదు," అంది బూబమ్మ.

మరునాడు దసరా. రిపేరు చేసేవాళ్ళు కూడా దేవరగట్టు కర్రల జాతరకు పోయి ఉంటారు, ఎవరూ రారని మాకు తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం మెషిన్లు చూసే ఆయన బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, నిదానస్తుడు. దండ పక్కకు జరిపి, గాజు మీది కుంకుమను తన చేతిగుడ్డతో తుడిచాడు. లైటు పచ్చగా మారింది.

"ఇది దీని కన్ను పెద్దమ్మా. కింద పాత్ర ఉందో లేదో ఇదే చూస్తాది. కంటికి బొట్టు పెడితే అది ఎట్ల చూస్తాది?"

వీధంతా నవ్వింది. ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆయనా నవ్వాడు గానీ, బండి ఎక్కబోతూ ఇంకో మాట చెప్పాడు. ఊళ్ళో ఉన్న మెషిన్లలో అన్నిటికంటే తక్కువ నీళ్ళు పోయేది మా వీధిలోనేనట. దీపావళి అయ్యాక దీన్ని బస్టాండు వైపు మారుస్తారట.

"ఈ వీధోళ్ళకు వాడేది రాదని పై ఆఫీసుకు పోయింది," అన్నాడు.

"ఎవరు రాసినారప్పా అట్ల?"

"నేనే. ఫోన్లో నొక్కేకి రెండే ఉండాయి పెద్దమ్మా. మిషన్ చెడింది, లేదంటే జనానికి వాడేది రాదు. మిషన్ చెడలేదు గదా."

ఆయన మీద నాకు కోపం రాలేదు. మూడో జవాబు లేని ప్రశ్నకు ఎవరైనా అంతే చేస్తారు. కానీ మెషిన్ పోతే మా వీధికి మిగిలేది రైలు కట్ట అవతలి నీళ్ళ ప్లాంటు. మిగతావాళ్ళు ఎట్లాగో పోయి తెచ్చుకుంటారు. బూబమ్మ మోకాలు వంగదు. కట్ట ఎక్కి దిగి బిందె మోయడం ఆమె వల్ల కాదు. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చిన నాడు పట్టుకుని, అవే తాగాలి.

"దీపావళి దాకా ఆగు," అన్నాను.

"నాదేముంది, ఎన్ని నీళ్ళు పోయినాయో అదే సెప్తాది," అని మెషిన్ వైపు చూపించి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడడం రాకపోవడం నాకు ఎక్కడా కనిపించలేదు. మా బిందెకు పదిహేను లీటర్లు పడతాయి. మెషిన్ మీద పదిహేను లేదు. పది ఒకసారి, ఐదు ఒకసారి నొక్కుతారు. చదువు రానివాళ్ళు కూడా పక్కవాళ్ళతో మాట్లాడుతూనే, అటు చూడకుండా నొక్కేస్తున్నారు. చిక్కు కింద ఉంది. ఆ మెషిన్‌ను చదరంగా, అడుగు సాపుగా ఉండే ప్లాస్టిక్ క్యాను కోసం చేశారు. మా బిందె అడుగు గుండ్రం. ఇనప జల్లెడ లాంటి ఆ పలక మీద నిలవదు, పక్కకు ఒరుగుతుంది. ఒరిగితే మూతి కంటికి కనపడదు, నీళ్ళు ఆగిపోతాయి. నొక్కిన పది లీటర్లలో నాలుగే పడినా, కార్డులో పదింటి డబ్బూ పోయినట్టే. రెండుసార్లు అట్లా జరిగితే ఎవరైనా కట్ట అవతలికే పోతారు.

అదే మాట బూబమ్మతో అన్నాను. ఆమె బొంత మీద నుంచి తల ఎత్తలేదు.

"దాంట్లో ఏముందక్కా, బిందెకు కూకునేకి జాగా లేదు. మనింట్లో ఐతే కుదురు పెట్టకుండా బిందె దించుతామా? అంత పెద్ద మిషన్ పెట్టినోళ్ళు కుదురు పెట్టల్యా."

ఇంత చిన్న సంగతి. ప్రతి వంటింట్లో నేల మీద ఉండే చుట్ట. ఆ సాయంత్రమే ఆమె పాత చీర పేలికలు మెలేసి కుదురు కుట్టింది. దాని మీద బిందె నిటారుగా కూర్చుంది, మూతి కుళాయికి దగ్గరగా లేచింది. పదీ ఐదూ నిండా పడ్డాయి. వీధిలో ఆ మాట పాకేలోగా కుదురును మేక ఎత్తుకుపోయింది. రెండోది కుట్టి తాడుతో కట్టాం. అది నీళ్ళకు నాని, బరువుకు అణిగి, నాలుగో నాటికి పాచి పట్టింది.

"గుడ్డతో అయ్యే పని కాదు. ఇనుముది కావల్ల," అంది బూబమ్మ.

ఎమ్మిగనూరులో మా తమ్ముడికి వెల్డింగు షాపు ఉంది. కొలత ఫోన్లో చెప్తే సరిపోదా అంది కోడలు. గుండ్రటి దాని కొలత మాటల్లో పోదు. మా బిందెనే తీసుకుని బస్సెక్కాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు టికెట్టు చింపుతూ ఆగాడు.

"ఏమవ్వా, నీళ్ళ కోసరం ఎమ్మిగనూరు దాకా పోతాండావా?"

"బిందెకు సంబంధం చూసేకి పోతాండాను," అన్నాను. బస్సులో చాలామంది నవ్వారు. ఒక గుంత దగ్గర బిందె ఎగిరి ముందు సీటు కడ్డీకి తగిలింది. అప్పుడు కూడా నవ్వారు.

తమ్ముడు మొదట ఒక్క చుట్టే చేశాడు. నా బిందె బాగా కూర్చుంది. పక్క టీ కొట్టు వాళ్ళ పెద్ద బిందె తెచ్చి పెడితే గిర్రున తిరిగి పడింది.

"అందరివీ ఒకటే సైజు బిందెలు ఉండవా అక్కా?"

"అందరివీ ఒకటే సైజు తలకాయలు ఉండాయా?"

వాడు కాసేపు బీడీ కాల్చి, కింద చిన్న చుట్టు, పైన పెద్ద చుట్టు పెట్టి, రెంటినీ వాలుగా కడ్డీలతో కలిపాడు. గంపలాగా వచ్చింది. చిన్న బిందె లోపలికి దిగి కూర్చుంటుంది, పెద్దది పై అంచున ఆగుతుంది. జారకుండా, చప్పుడు రాకుండా అంచులకు పాత సైకిలు ట్యూబు చుట్టాడు. క్యాను తెచ్చేవాళ్ళు వస్తే పక్కకు తీసేలా విడిగానే ఉంచమన్నాను. మేక ఎత్తుకుపోకుండా గొలుసు మాత్రం వేయించాను.

దాన్ని పెట్టిన మరునాడు, వీధి లేచే వేళకు, మెషిన్ ముందు వరుస ఉంది. కట్ట అవతలికి పోయేవాళ్ళు బిందెలు చంకలో పెట్టుకుని దారిలోనే ఆగి చూశారు. బిందె నిటారుగా, ఎవరూ పట్టుకోకుండా, కుళాయి కింద కూర్చుని నిండుతోంది. బూబమ్మ తన బిందె నింపుకుని, కాలు ఈడ్చుకుంటూ ఇంటి దాకా ఒక్కచోటా ఆగకుండా పోయింది. అంతకు ముందు గుక్కెడు నీళ్ళకైనా ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చేది.

ఎదురింటామె వరుసలో తన వంతు రాగానే, నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి, గాజు కంటికి జానెడు పైన మెషిన్‌కు అంటించింది.

"ఇంగ దీనికి దినామూ బొట్టే. కంట్లో ఎవురూ చెయ్యి పెట్టాకండి," అంది. ఆ బిళ్ళ ఊడిన నాడల్లా ఎవరో ఒకరు కొత్తది అంటిస్తున్నారు.

దీపావళి మరునాడు మెషిన్ల ఆయన వచ్చాడు. ఫోనులో నీళ్ళ లెక్క చూపే గీత చూపించాడు. అన్నాళ్ళూ నేల మీద పడుకున్న గీత, ఎమ్మిగనూరు నుంచి కుదురు వచ్చిన నాడు లేచి మళ్ళీ కిందికి దిగలేదు. మెషిన్ ముందు వంగి చూశాడు. కుదురు ఎత్తి, తిప్పి, మళ్ళీ పెట్టాడు.

"ఇప్పుడేం నొక్కుతావప్పా?" అన్నాను.

"ఇప్పటికీ రెండే ఉండాయి పెద్దమ్మా," అని, ఏదీ నొక్కకుండా కుదురుకు ఫోటో తీసుకున్నాడు. "ఇట్లాంటివి ఇంగా కావల్ల. మిగతా వీధుల్లో కూడా బిందెలే."

వారం తిరగకముందే ఆయన ఎమ్మిగనూరు నుంచి బండి హ్యాండిలుకు రెండు వైపులా కుదుర్లు తగిలించుకుని, గాజులమ్మే మనిషిలా మా వీధి మీదుగా పోయాడు. బూబమ్మ గుమ్మంలో నిలబడి, వాటిలో ఒకటి వంకరగా ఉందని చెప్పి ఆయన్ను ఆపింది.

మెషిన్ మా వీధిలోనే ఉంది. ఈ మొత్తంలో పోయినవి ఇవి: వాడిన బంతిపూల దండ ఒకటి. పండుగ నాటి నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా వీధికి నీళ్ళు. కుంకుమ వదలని చేతిగుడ్డ ఒకటి. బూబమ్మ కుట్టిన కుదుర్లు రెండు, ఒకటి మేకకు, ఒకటి పాచికి. తమ్ముడికి ఒక పూట పని. నా బిందెకు, మూతికి కాస్త కింద, ఒక సొట్ట.