లక్కాయన పట్టుకున్న తప్పు

విదేశాంగ కార్యాలయంలో ఒప్పందాల గది అడుగు అంతస్తులో ఉండేది. దేశాలు ఒకదానికొకటి ఇచ్చుకున్న మాటలు అక్కడి ఇనుప బీరువాల్లో చెమ్మ తగలకుండా నిద్రపోయేవి. వాటికి పట్టుదారం కుట్టి, ఎర్రలక్క కరిగించి ముద్ర వేసే ఉద్యోగిని అందరూ లక్కాయన అనేవారు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన వేసిన ముద్ర ఒక్కటీ పగల్లేదు. ఒప్పందాల సంగతి వేరు.

ముద్రకు ముందు ఒకరు చిత్తుప్రతిని పైకి చదువుతుంటే, రెండోవారు శుద్ధప్రతి మీద వేలు పెట్టి సరిచూడటం అక్కడి పద్ధతి. పదేళ్ళ కిందట ఏటి వంతెన ఒప్పందం సరిచూస్తూ, పన్నెండో నిబంధన కింద ఒక వాక్యం టైపులో జారిపోయిందని లక్కాయన పట్టుకున్నాడు. వాక్యం మళ్ళీ ఎక్కింది. రాజ్యం పొంగిపోయి ఆయనకొక గోడగడియారం బహూకరించింది.

ఆ ఏటికి అవతలి ఒడ్డున, పొరుగు దేశంలో, తల్లి పోయాక తనను పెంచిన అక్క ఉండేది. ఆదివారం ఆదివారం వంతెన దాటి వెళ్ళేవాడు. ఈ గురువారం ఆమె గుండెకు ఆపరేషన్. పక్కనుండటానికి తమ్ముడు తప్ప నా అన్నవాళ్ళు లేరు. సోమవారం పొద్దున వంతెన మూసేశారు.

లక్కాయన ఒప్పందం చంకన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి, న్యాయ సలహాదారు బల్ల మీద పరిచాడు.

"ఆర్నెల్ల ముందు చెప్పకుండా మూయకూడదండీ. పన్నెండో నిబంధన."

"హమ్మయ్య! మూసేశాంగానీ, ఏ నిబంధన కింద మూశామో తెలీక పొద్దుట్నుంచీ జుట్టు పీక్కుంటున్నామయ్యా. కింది వాక్యం చదువు."

చదివాడు. తన కీలక ప్రయోజనాలకు ముప్పుందని ఏ పక్షమైనా భావిస్తే పై నిబంధన వర్తించదు.

"ముప్పుందని ఎవరు తేల్చాలండీ?"

"భావించేవాళ్ళే! ఇదే లేకపోతే చట్టం మన చేతులు కట్టేసేది. ఎవరో పుణ్యాత్ముడు."

"గురువారం మా అక్కకి ఆపరేషనండీ."

"అయ్యో పాపం," అన్నాడు సలహాదారు, నిజంగానే బాధపడుతూ. "అవతలివాళ్ళకి పంపే నోటీసు సిద్ధంగా ఉంది. కాస్త లక్క వేడి చెయ్యి."

చేశాడు. ముద్ర ఎప్పటిలాగే తీరుగా వచ్చింది.

బుధవారం సాయంత్రం ఇంటికి అక్క ఫోన్ చేసింది.

"రాలేవులే, విన్నాను. మూయడానికి వీల్లేదని రాసుందన్నావు కదరా?"

"రాసుందక్కా. మూయొచ్చని కూడా రాసుంది."

"రెండూనా! ఆ రెండోది పెట్టిన తలమాసినవాడు ఎవడ్రా?"

"టైపులో జారిపోతే... ఒకాయన పట్టుకున్నాడు."

"వాడి కళ్ళు కాకులు పొడవ!" అంది అక్క. "సరే, వేళకి తిను. ఉంటాను."

లక్కాయన తలెత్తి గోడవైపు చూశాడు. ఆరుంబావు. పదేళ్ళలో ఆ గడియారం ఒక్క నిమిషం తప్పలేదు.