మిషను మీద మన పేర్లు

మీరు ఆమెను అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటోలు దిగారు, ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. "టీచర్, మీకేం కావాలి?" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మీరు, మీరు అంటున్నాను గానీ ఆ గుంపులో నేనూ ఉన్నాను. నా సంగతీ చెబుతాను, ఆగండి.

మన కుట్టుపని టీచర్ పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. పద్మారావు నగర్‌లో, తన ముందు గదిలో, మిషను దగ్గర్నుంచి లేచి మంచినీళ్ల కోసం రెండడుగులు వేసి పడిపోయారట. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు. డెబ్బై నాలుగేళ్లు. "మన ప్రియమైన టీచర్ ప్రభువునందు నిద్రించారు" అని పూర్వ విద్యార్థుల గ్రూపులో వార్త వచ్చింది. సాయంత్రానికల్లా దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. ఆమె ఏ మిషను దగ్గర్నుంచి లేచారో ఆ బొమ్మలు పెట్టినవాళ్లకు తెలియదు. మనం ఇచ్చిన కొత్త మిషను కాదది. నలభై ఏళ్లనాటి నల్లని కాలిమిషను. మోకాలు వాచిపోయింది, ఇక తొక్కొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పిన మిషను.

మిషనే ఆమె ప్రాణం తీసిందని నేననను. అది అబద్ధం. ఆమెకు అబద్ధం గిట్టదు.

బడిలో వారానికి రెండు పీరియడ్లు కుట్టుపని ఉండేది, ఆడపిల్లలకు మాత్రమే. ఆ గంటలో మగపిల్లలు బయట క్రికెట్ ఆడుకునేవాళ్లు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు నేను లేచి నిలబడ్డాను. "మాకే ఎందుకు టీచర్ ఈ సూదీ దారం? వాళ్లకెందుకు లేదు?" ఆమె కళ్లజోడు పైకి జరుపుకుని, "న్యాయమైన మాటే. మధ్యాహ్నం నువ్వూ నేనూ హెడ్మాస్టారి దగ్గరికి వెళ్దాం. అందాకా సూదిలో దారం ఎక్కించు" అన్నారు. నిజంగానే వెళ్లాం. హెడ్మాస్టారు నవ్వి పంపించేశారు. ఆ తర్వాత మాత్రం గుండీ ఊడిన ఏ మగపిల్లవాడి చొక్కానూ ఆమె కుట్టిపెట్టలేదు. సూది చేతికిచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, వాడి చేతే కుట్టించేవారు.

రిటైరయ్యాక ఆమె ముందు గది బొంతల గది అయింది. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే నలుగురు ఆడవాళ్లు మధ్యాహ్నం పూట వచ్చి కూర్చునేవారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగు గుడ్డల్లోంచి ఆకులు, చేపలు, పిట్టలు కత్తిరించి, అంచు మడిచి అతికి కుట్టేవారు. ఎగ్జిబిషన్లలో అప్లిక్ అని మనం మురిసిపోయి కొనేది ఆ పనినే. "కొత్త గుడ్డ తేకండమ్మా" అనేవారు మాతో. "మీ అమ్మ కట్టి కట్టి ఉతికిన చీర తెండి. ఆ మెత్తదనం షాపులో అమ్మరు."

మా మహిళా సంఘం ఊరేగింపుల బ్యానర్లు కూడా ఆ గదిలోనే తయారయ్యేవి. ఎర్ర గుడ్డ మీద తెల్ల గుడ్డ అక్షరాలు. మొదటిసారి నేను గుడ్డలు బల్ల మీద పడేసి, "శ్రామిక మహిళ వర్ధిల్లాలి అని కావాలి టీచర్, ఎల్లుండికి" అన్నాను. ఆమె కత్తెర తీసి నా చేతిలో పెట్టారు. "వర్ధిల్లాలని నేను కుట్టాలి, నువ్వు పట్టుకుని తిరగాలి. బాగుందమ్మాయ్! అక్షరాలు నువ్వే కత్తిరించు." ఆ పూటకి నా బొటనవేలు బొబ్బ కట్టింది.

రెండేళ్ల క్రితం మోకాలు మొరాయించింది. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు, మోటారు మిషను కొనుక్కోవాలని నిర్ణయించుకున్నారు. ఆ ఎంపిక నెలల తరబడి సాగింది. రెజిమెంటల్ బజార్‌లో ఏ మిషన్ల షాపుకు వెళ్లినా సంచిలో ఒక చిన్న మూట ఉండేది: ఎనిమిది పొరల బొంత ముక్క, పైన సగం కుట్టి వదిలిన మామిడాకు. నేను తోడు వెళ్లిన రోజు షాపాయన ఒక మిషను మీది కవరు తీసి గర్వంగా చూపించాడు.

"గిది చూడుండ్రి అమ్మా. టచ్ స్క్రీన్. రెండొందల డిజైన్లుంటయి. బటన్ ఒత్తితే పువ్వు అదే కుడ్తది, మీరు ఆరాంగ చాయ్ తాగొచ్చు."

"చాయ్ ఎలాగూ తాగుతాను నాయనా. పువ్వు నేను కుట్టుకుంటాను. దీని చెయ్యి కింద బొంత దూరుతుందా?"

మూట విప్పారు. ఆయన అదిరిపోయాడు. "గిదేందమ్మా, పరుపు తెచ్చిన్రా?"

నాలుగు కుట్లు పడ్డాయో లేదో సూది ఇరుక్కుని మోటారు మూలిగింది. "చూశావా, ఏడుస్తోంది" అని ఆమె ముక్క బయటికి లాగేశారు. రెండో మిషనులో కింది గుడ్డ ముందుకు పోయి పై గుడ్డ ముడతలు పడింది. ఆయనకు ఓపిక నశించింది. "మీరు మిషన్ కొననీకి వచ్చిన్రా, పెండ్లిచూపులకు వచ్చిన్రా?"

"పెళ్లిచూపుల్లో ఇంత చూడనిస్తారా నాయనా?" అన్నారు పెళ్లి చేసుకోని మా టీచర్. షాపులో అందరూ నవ్వారు, ఆయన కూడా.

మూడోది మూలనుంది. తెర లేదు, పువ్వులు లేవు. బరువైన మిషను. సూదికి కుడిపక్కన చుట్టచుట్టిన బొంత పట్టేంత జాగా, పై గుడ్డనూ కింది గుడ్డనూ ఒకే నడక నడిపించే పాదం, ఆకు అంచు మీద అటూఇటూ వంకరగా పడే కుట్టు, ఎంత నెమ్మదిగా అంటే అంత నెమ్మదిగా నడిచే మోటారు. ఎనిమిది పొరలనూ కిక్కురుమనకుండా కుట్టింది. మలుపు దగ్గర ఆగితే సూది గుడ్డలోనే దిగి ఆగింది. ఆమె ముఖం వెలిగింది. మనందరికీ ఆమె నేర్పిన మొదటి పాఠం అదే కదా: పని మధ్యలో లేవాల్సొస్తే సూది గుడ్డలోకి దించి లేవాలి, అప్పుడు వదిలిన చోటే పని నీకోసం ఆగి ఉంటుంది.

ముక్క తిప్పి నాకు చూపించారు. "వెనక చూడు. పైకి అన్ని మిషన్లూ మర్యాదగానే కుడతాయి. దీని బుద్ధేంటో వెనక తెలుస్తుంది." తర్వాత ఆటోలో అన్నారు, "క్రిస్మస్ బొంతలు అవగానే తీసుకుంటా. నా మోకాలు పూర్తిగా పోయినా యాదమ్మకు పనికొస్తుంది." యాదమ్మ ఆ నలుగురిలో చిన్నది. ఆకు మలుపు టీచర్‌లా తిప్పగలిగేది ఆమె ఒక్కతే.

ఇక మనం దిగాం. క్రిస్మస్ దాటగానే సన్మానం అన్నారు. పూర్వ విద్యార్థుల కమిటీ నుంచి నాకు ఫోను. "సర్‌ప్రైజ్ మేడం! టీచర్‌కి మిషన్ ఇస్తున్నాం, టాప్ మోడల్. మీరు ఒక్క లైన్ రాసివ్వండి, దాని మీద చెక్కిస్తాం." అప్పుడు నేను ఇంటిపనిలో ఆడవాళ్ల మాట చెల్లకపోవడం గురించి వ్యాసం రాస్తున్నాను. ఆ వ్యాసం ఆపి లైను చెప్పాను: "మాకు కుట్టు నేర్పిన చేతులకు ప్రేమతో." ఏ మిషను అని అడగడానికి ఒక్క నిమిషం చాలు. ఆమె ఎంచుకున్నది ఏదో మనలో తెలిసిన ఏకైక మనిషిని నేను. అడగలేదు.

వేదిక మీద గుడ్డ తీశారు. టచ్ స్క్రీన్. రెండొందల డిజైన్లు. ఒంటి మీద ఇత్తడి రేకు, దాని మీద నా వాక్యం, వాక్యం కింద పదకొండు మంది కమిటీ సభ్యుల పేర్లు. టీచర్ నవ్వుతూనే ముందుకు వంగి మిషను చెయ్యి కింద అరచేయి పెట్టారు. నాలుగు వేళ్లే పట్టాయి. కొలుస్తున్నారని నాకు తెలుసు. తెలిసి కూడా చప్పట్లు కొట్టాను.

మిగతాది భూస్థాపన అయ్యాక, సమాధుల తోట గేటు దగ్గర యాదమ్మ చెప్పింది.

"గా కొత్త మిషన్ మీద అమ్మ ఒక్క బొంత సుత కుట్టలే అక్కా. దూరకపాయె. కమిటీ గా రెజిమెంటల్ బజార్ షాపులనే కొన్నదట, నేనూ అమ్మా ఆటోల ఏస్కొని ఆడికే పోయినం. జెర బదలాయించు నాయనా, ఆ మూలకున్నది ఇయ్యి అని అమ్మ అడిగింది. షాపాయన తక్లీఫ్ పడ్డడు పాపం. 'ఇంతమంది పేర్లు చెక్కిచ్చినంక నేనెట్ల తీస్కుంట టీచరమ్మా? ఎవరు కొంటరు?' అన్నడు. మల్ల ఇంటికి తెచ్చినం."

"మరి సొంతంగా కొనుక్కోవచ్చు కదే, కొనుక్కుంటానన్నారు కూడా."

"నేనూ గదే అన్న. 'వద్దే, పిల్లలు చూస్తే మనసు కష్టపెట్టుకుంటరు' అన్నది. ఇంట్ల అల్లుడు సుత, కొత్తది ఉండంగ ఇంకోటి ఎందుకత్తా అన్నడు. ఇగ పాతదే. కుడికాలు లేవకపోతే ఎడమకాలితోని తొక్కింది."

అల్లుడంటే ఆమె తమ్ముడి కొడుకు. ఇల్లు అతనిది. ముందు గది అద్దెకిస్తానని అప్పుడే అంటున్నాడట.

పిల్లలు మనసు కష్టపెట్టుకుంటారట! ఆ పిల్లలం మనం, యాభై ఏళ్ల పిల్లలం. మన మనసు కోసం ఆమె మోకాలు అరిగింది. ప్రేమతోనే ఇచ్చాం కదా అని గ్రూపులో ఒకరు ఇప్పటికే రాశారు. ప్రేమతో ఇచ్చేవాళ్లు తీసుకునేవాళ్లను అడుగుతారు. మన పేర్లు ఎక్కడ పడతాయో ముందే చూసుకోరు. పేర్లే లేకపోతే ఆ మిషను మర్నాడే మారిపోయేది. మొన్న ఆ గదిలోకి వెళ్లి చూశాను. మనం ఇచ్చిన మిషను మూలనుంది, దుమ్ము పడకుండా దాని మీద మనం కప్పిన శాలువానే కప్పి ఉంది. ఆమె ఏ వస్తువునూ వృథా పోనివ్వరు.

ఏడవడానికి మీకు నా అనుమతి అక్కర్లేదు, ఏడవండి. ఏడ్చాక చేయాల్సినవి ఇవి.

ఆ ఇత్తడి రేకు ఊడదీయాలి. ఆ వాక్యం రాసినదాన్ని కాబట్టి నేనే ఊడదీస్తాను, కమిటీ పక్కన నిలబడాలి.

టీచర్ ఎంచుకున్న మిషను కొనాలి. కొనేముందు యాదమ్మ ఆ బొంత ముక్క మూట తీసుకుని షాపుకు వచ్చి, కుట్టి, వెనక తిప్పి చూసి, సరే అనాలి. ఆమె వద్దంటే మనం నోరు మూసుకోవాలి.

కొత్త మిషను మీద ఎవరి పేరూ ఉండకూడదు. టీచర్ పేరు కూడా.

జ్ఞాపకార్థ కూడికలో శాలువాలు, మెమెంటోలు వద్దు. మైకు ముందు బొంతలు కుట్టే ఆ నలుగురు ఆడవాళ్లకివ్వాలి.

ముందు గది అద్దెకు పోకూడదు. ఆ అల్లుడితో మాట్లాడాలి, అందరం కలిసి వెళ్లి.

పాత మిషను మీద సగం కుట్టిన బొంత ఉంది. చేప తోక మలుపు దగ్గర సూది గుడ్డలోకి దిగి ఉంది. యాదమ్మ వచ్చి కూర్చునేదాకా ఆ సూది ఎవరూ ఎత్తకూడదు.