ఆలస్యంగా పూసే మొక్క

విత్తనాల కొట్లో పనికి కుదిరినప్పటి నుంచీ నన్ను రకరకాల జనం రకరకాల ప్రశ్నలు అడిగారు. త్వరగా కాసేది ఏది, పురుగు పట్టనిది ఏది, నీళ్ళు పోయడం మర్చిపోయినా బతికేది ఏది అని. ఆలస్యంగా పూసే మొక్క కావాలని అడిగిన మనిషి మాత్రం ఒక్కడే. ఆయన మా మావయ్య.

"ఎంత ఆలస్యంగా?" అన్నాను, నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనుకుంటూ.

"ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ఈ ఏడు అసలు పూయకూడదు. వచ్చే ఏడు పూస్తే చాలు."

మావయ్యది తాళాలు బాగుచేసే పని. ఊళ్ళో సగం ఇళ్ళ తాళంచెవులు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, తాళం తీయడం వచ్చుగానీ వేయించుకోవడం రాదంటాడు. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం, ఆ వెనక మంచం పట్టేంత నేల. ఏళ్ళ తరబడి తుప్పు తాళాలూ ఇనప రజనూ తప్ప ఇంకేమీ ఎరగని నేల అది. అలాంటి మనిషికి ఉన్నట్టుండి పూలమొక్క మీదకి మనసెందుకు పోయిందో నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే ముందురోజే మా పెద్దమ్మ అదే బల్ల ముందు నిలబడి, "ఏమే, నెలా నెలన్నరలో చేతికొచ్చేది ఏదుంటే అది ఇవ్వు," అని ముల్లంగి విత్తనాలు పట్టుకెళ్ళింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకూ మావయ్యకూ అక్క. నేను చెప్పబోయేది ఆవిడ సంగతే.

ఆవిడ వయసొచ్చినప్పటి నుంచీ పరాయి ఇళ్ళల్లోనే బతికింది. రోగుల దగ్గర ఉండి చూసుకునే పని. ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేస్తే చాలు, ముక్కూమొహం తెలియని ఇంటికి వెళ్ళి, మంచాన పడ్డ మనిషికి స్నానం చేయించి, మందులు వేసి, కథలు చెప్పి, కసిరి, బతిమాలి, నాలుగు రోజులు తిరిగేసరికి ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో ఇంటివాళ్ళకే చెప్పే స్థితికి వచ్చేస్తుంది. ఆ మనిషి కోలుకున్నా సరే, కన్నుమూసినా సరే, ఆవిడ పెట్టె సర్దుకుని బయల్దేరాల్సిందే. అందుకే ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టదు. ఉతికి ఆరేసిన బట్టలు మడతపెట్టి మళ్ళీ పెట్టెలోనే పెడుతుంది. సబ్బు కూడా వాడగానే తుడిచి డబ్బాలో వేసేస్తుంది. చిన్నప్పుడు మావయ్యకి పని నేర్పించిందీ, మా అమ్మ పెళ్ళి చేసిందీ ఆ సంపాదనతోనే. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "చాల్లే సంబడం," అని లేచి వెళ్ళిపోతుంది.

ఆఖరుగా చూసుకున్న పెద్దావిడ పోయాక, మోకాళ్ళు పట్టేసి, "కాస్త ఊపిరి తీసుకుని పోతానురా," అంటూ తమ్ముడింటికి వచ్చింది. మావయ్య అలమరాలో రెండు అరలు ఖాళీ చేసి, కొత్త కాగితం పరిచి ఉంచాడు. అవి అలాగే ఉండిపోయాయి. పెట్టె మంచం కింద, సబ్బు డబ్బాలో.

ఆ వారం నన్ను భోజనానికి పిలిచి ఇద్దరూ తగవు నా నెత్తిన పెట్టారు.

"నువ్వే చెప్పు," అన్నాడు మావయ్య. "ముల్లంగి ఏముంది? పీకితే అయిపోయింది. గుంట మిగుల్తుంది. అదే నువ్వు చెప్పిన ఆ లావెండర్ అయితే ఒక్కసారి వేళ్ళూనుకుంటే ఏటా పూస్తుంది. వాసనొస్తుంది. తేనెటీగలొస్తాయి."

"తేనెటీగలకి తాళాలు చేసిపెడతావా? ముల్లంగి తినొచ్చు. మట్టిలో పడేస్తే తన పని తను చేసుకుపోతుంది. ఆ లావెండర్ మొలకెత్తడానికే మీనమేషాలు లెక్కపెడుతుందట, నిజమేనా అమ్మాయ్?"

నిజమేనని ఒప్పుకున్నాను. లావెండర్ విత్తనం మొండిది, మొలిచాక కూడా నత్తనడక, మొదటి ఏడు పూసిందా లేదా అన్నట్టు ఉంటుంది. కాళ్ళ కింద తడి నిలిస్తే చస్తుంది, ఒళ్ళంతా ఎండ కావాలి. ముల్లంగికి అంత బడాయి లేదు, మట్టి గుల్లగా ఉంటే చాలు. కాకపోతే చోటు మార్చి నాటితే ఒప్పుకోదు, వేసినచోటే ఊరాలి. వేళకి పీకకపోతే బెండుబారిపోతుంది.

"చూశావా?" అంది పెద్దమ్మ. "పైగా ఏటా పూస్తే ఏటా చూడ్డానికి ఎవరుంటారిక్కడ? ముల్లంగి అయితే నేను పీకి, నీకు కూర వండిపెట్టి మరీ పోతాను. ఏజెన్సీ వాళ్ళకి అదే చెప్పాను."

మావయ్య ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. నాకు ఒళ్ళు మండింది. ఉండిపో అక్కా అని ఒక్క ముక్క అనడానికి ఏం రోగం ఈయనకి? చేతులు కడుక్కునే చోట పట్టుకుని అదే అడిగాను.

"ఆవిడ కష్టం తిని పెరిగినవాణ్ణి," అన్నాడు గొణుగుతూ. "ఉండమంటే, ఇప్పుడు నాకూ వండిపెట్టమన్నట్టు ఉండదూ? ఏ మొహం పెట్టుకుని అడగను?"

అందుకని మొక్కతో అడిగిస్తున్నాడన్నమాట. తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దది కాబట్టి పెద్దమ్మ మాటే నెగ్గింది. ఇనప రజనంతా ఏరి, ఇసక కలిపి, మట్టిని పిండిలా చేసి ముల్లంగి చల్లింది. మొలిచాయి. ఒత్తుగా ఉన్నచోట పలచన చేసింది. ఆకులు జానెడెత్తు లేచాయి, దుంపల తలలు తెల్లగా బయటపడ్డాయి. ఇక పీకుదామంటే మావయ్య, "ఇంకా లావెక్కనీ అక్కా," అన్నాడు. వారం పోయాక మళ్ళీ అంటే మళ్ళీ అదే పాట. నేను వెళ్ళి ఒకటి నొక్కి చూశాను. ముదిరిపోతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, నేను మాత్రం చెప్పడమెందుకని ఊరుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం భోజన విరామంలో అటు వెళ్తే, దుకాణం మూసి ఉంది. పెద్దమ్మ ఎండలో గుమ్మం మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. ఒళ్ళో సంచి.

"ఇక్కడేంటి పెద్దమ్మా?"

"ఏజెన్సీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారే. పక్షవాతం వచ్చినాయన, మంచి కుటుంబమట. బస్సు టికెట్ తెచ్చుకుందామని పొద్దున వెళ్ళాను. వచ్చేసరికి వీడెక్కడికో బీరువా తాళం తీయడానికి పోయాడు."

"అయితే నీ తాళంచెవి ఏమైంది?"

"నాకెక్కడిదే తాళంచెవి?"

ఊరందరికీ తాళంచెవులు చేసిపెట్టే మనిషి, సొంత అక్కకి ఒక్కటి చేసివ్వలేదా! అప్పుడే సైకిలు దిగుతున్న మావయ్య మీదకి ఒంటికాలి మీద లేచాను. వీధిలో జనం చూస్తున్నారన్నది కూడా పట్టలేదు.

"అక్కకి తాళంచెవి ఎందుకే? తీయడానికి నేను లేనూ!" అన్నాడు ముందు, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ తర్వాత మెట్టు మీద కూర్చున్న అక్కని, ఎర్రబడ్డ ఆవిడ మొహాన్ని చూశాడు. సైకిలు స్టాండు వెయ్యకుండానే వదిలేశాడు. అది వెళ్ళి గోడకి కొట్టుకుని పడింది.

"వాణ్ణి తిట్టకే," అంది పెద్దమ్మ. "నాకు అలవాటే. ఇన్నేళ్ళల్లో ఏ ఇంట్లోనూ నాకు తాళంచెవి ఇవ్వలేదు. ఇవ్వరు కూడా, అది వాళ్ళ తప్పు కాదు. ఇంట్లో రోగం ఉన్నంతసేపే నాకు అక్కడ చోటు. వీడు చూస్తే రాయిలా ఉన్నాడు. తుమ్మైనా తుమ్మడు. ఇక్కడ నేనేం చేస్తున్నట్టు చెప్పు? అందుకే టికెట్ తెచ్చుకున్నాను."

ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. కూరగాయలు ఏమున్నాయో చెప్పినట్టు చెప్పింది. ఏడ్చింది నేను.

మావయ్య ఆవిడకంటే కింది మెట్టు మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు ఆవిడ జడ వేసుకుంటుంటే అలాగే కూర్చునేవాడని మా అమ్మ చెప్పేది. చేతికంటిన నూనె ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నాకే జబ్బూ లేదక్కా," అన్నాడు. "నువ్వు వండక్కర్లేదు, ఉతకక్కర్లేదు, నన్ను చూసుకోనక్కర్లేదు. నువ్వు ఇంట్లో ఉన్నావని తెలిస్తే దుకాణంలో నాకు పని సాగుతోంది. అంతే. ఊరికే ఉండు."

"ఊరికేనా?" అంది పెద్దమ్మ. ఆ మాట ఆవిడ అంతవరకూ ఎప్పుడూ విననట్టే అంది.

"ఊరికే."

జవాబు కోసం ఆగలేదు ఆయన. ఆగే ధైర్యం లేదని నాకు తెలుసు. తలుపు తీసి గబగబా లోపలికి పోయాడు. తాళంచెవులు చేసే మిషను గీమని మొదలైంది. పెద్దమ్మ సంచిలో చెయ్యి పెట్టి టికెట్ తీసి, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. చించలేదు, దాచలేదు. అదేదో ఇంకెవరిదో అన్నట్టు నా చేతిలో పెట్టింది.

"ఏమే, ఆ లావెండర్ ఎన్నేళ్ళు బతుకుతుందన్నావు?"

"బాగా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది పెద్దమ్మా."

"పదేళ్ళే!" అంది. "పూసేది మాత్రం వచ్చే ఏడేగా?"

"వచ్చే ఏడే. తొందరపెట్టినా లాభం లేదు."

"నాకేం తొందర?" అంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నా భుజం పట్టుకుని మెల్లగా లేచింది. "వాడు గోడవార వేద్దామంటున్నాడు. వాడికేం తెలుసు, అక్కడ మధ్యాహ్నం తిరిగితే నీడే."

లోపల మిషను ఆగింది. మావయ్య వింటున్నాడని మా ఇద్దరికీ తెలుసు.

"ఆ ముల్లంగి అంతా పీకేసి నడిమధ్యలో వేద్దాంలే," అంది పెద్దమ్మ, దుకాణంలోకి వినబడేంత గట్టిగా.