పిండి బొమ్మ నడక

పక్క క్వార్టరు పిన్ని మజ్జిగ తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చి, "ఏటే, పట్టపగలు తలుపేసుకుని ఏటి సేత్తన్నావు" అంటూ నా భుజం మీదుగా బల్లకేసి చూసి, మాట మధ్యలో ఆగిపోయింది. ఆవిడ మాట మధ్యలో ఆగడం నేను జంషెడ్‌పూర్ కాపురానికి వచ్చాక ఎన్నడూ చూడలేదు. ఏదో ప్రమాదం ముంచుకొచ్చిందని నాకు తెలిసింది అప్పుడే.

ఆవిడ చూస్తున్నదాన్ని నేనూ చూశాను. పసుపు కలిపిన గోధుమపిండి బొమ్మ. కుంకుమ పెదాలు, ఆవగింజల కళ్ళు. పాదాలకి గుండుసూదులు, నడుం వాలిపోకుండా పొట్టలో మరొకటి. కిటికీలకి దుప్పట్లు, బొమ్మ నెత్తిన ఒకటే బల్బు.

"ఓలమ్మ, ఎవరి మీదే ఇది?" అంది పిన్ని నెమ్మదిగా.

"నా ప్రాజెక్టు పిన్నీ. బొమ్మని కొంచెం కదిపి ఒక ఫొటో, మళ్ళీ కొంచెం కదిపి ఇంకోటి. అన్నీ వరసగా ఆడిస్తే బొమ్మ లేచి నడుస్తుంది."

నడుస్తుంది అనకుండా ఉండాల్సింది. పిన్ని తోడు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. మా వైపు నుంచి వచ్చినవాళ్ళకి పసుపు బొమ్మా సూదులూ ఒకచోట కనిపిస్తే ఒకటే అర్థం, చిల్లంగి. చేతబడి చేసేవాళ్ళు ఎలా ఉంటారో ఆవిడకి ఇప్పటిదాకా తెలియదు, ఇప్పుడు తెలిసింది.

అసలు నేను బిష్టుపూర్‌లో సాయంత్రం ఫొటోగ్రఫీ క్లాసులో చేరింది ప్రకృతి దృశ్యాలు తీద్దామని. పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఖర్కాయి నది ఒడ్డుకి వెళ్ళాను. కెమెరాకి ఒక కన్ను ఇచ్చేస్తే పిల్లలకి ఒక్క కన్నే మిగులుతుంది. ఆ ఒక్క కంటికి వాళ్ళు ఎప్పుడూ నీళ్ళలో పడబోతున్నట్టే కనిపించారు. నా ఫొటోల్లో నది గోడకి చేరేసిన నిచ్చెనలా ఏటవాలుగా వచ్చింది. "నది ఎక్కడికి పారిపోతోందమ్మా?" అని మాస్టారు అడిగితే క్లాసంతా నవ్వింది. ఇంట్లో కూర్చుని తీసుకునే బొమ్మ సినిమా అయితే ఏ ప్రమాదమూ ఉండదని దీనికి మారాను. క్లాసులో ఉన్న ఒకే ఒక్క చిన్న మూవీ కెమెరా నా వంతుకి వచ్చింది.

ఆ సాయంత్రమే పిన్ని చిన్న కొడుక్కి జ్వరం తగిలింది. మర్నాడు వాళ్ళ పిల్లలు మా గుమ్మం తొక్కలేదు.

"ఆంటీనే మనా కియా హై," అంది మా పెద్దది, ఆడుకోవడానికి వెళ్ళి వెంటనే తిరిగొచ్చి.

"ఎందుకు వద్దన్నారట?"

"తూ జాదూ కర్తీ హై, బోలా." నేను మంత్రాలు వేస్తానని చెప్పడానికి అది సిగ్గుపడింది. మా చిన్నవాడు మెట్టు మీద ఒక్కడే కూర్చుని తనతో తనే గోలీలాడి, తనే ఓడిపోతున్నాడు. సినిమా పోతే పోయింది గాని, వాడు అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను.

కిటికీలోంచి, "పిన్నీ, బాబుకి జ్వరం తగ్గిందా?" అని అడిగాను.

"తగ్గలేదు. నీకేటి?"

నేను బీఎస్సీ పాసయ్యాను. ఆ సంగతి గుర్తుండగానే లోపలికెళ్ళి, ఎవరూ చూడకుండా, బొమ్మ పొట్టలో సూది తీసేశాను. బొమ్మ బోర్లా పడి ముక్కు చితికింది. అప్పటిదాకా తీసిన నడకంతా ఆ ఒక్క పడటంతో ముగిసింది. సాయంత్రానికి డాక్టరు మందుతో బాబుకి జ్వరం దిగింది. సూది తీసినందుకే దిగిందని ఒక్క క్షణం అనిపించింది. ఈ మాట మా ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను కనక ఇక్కడ చెబుతున్నాను.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి సంగతంతా విని, బూట్లు విప్పుతూ పడీపడీ నవ్వారు. "అంత శక్తి ఉంటే ముందు మా ఫోర్‌మన్ మీద పెట్టవే, నాకు నైట్ షిఫ్టు తప్పుతుంది." తర్వాత నవ్వడం మానేసి, "ఆ పిండి ఆవుకి పెట్టెయ్. రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు," అన్నారు.

"పారేస్తే ఒప్పుకున్నట్టే కదండీ?"

ఆయన భోంచేసి పడుకున్నారు. నాకు మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ ఆలోచిస్తే ఒకటే తోచింది. దాచుకుని చేసినన్నాళ్ళూ అది చిల్లంగే. పదిమంది చెయ్యి పడితే పిండి.

తెల్లవారగానే కిటికీల దుప్పట్లు లాగేశాను. వెలుతురు ఒక్కో ఫొటోలో ఒక్కోలా పడుతుందని, పిల్లల నీడలు బొమ్మ మీద పడతాయని, మాస్టారు ఏమంటారో కూడా తెలుసు. బల్లని వరండాలోకి ఈడ్చి, బొమ్మకి కొత్త ముక్కు పెట్టి, నిద్రమొహాలతో ఉన్న పిల్లలిద్దరినీ దగ్గరికి పిలిచి ఇలా చెప్పాను:

"పిన్ని వాళ్ళింటికి వెళ్ళి పిల్లలందరినీ రమ్మనండి. బొమ్మని తలా ఒక అడుగు నడిపించాలని చెప్పండి. మొదటి అడుగు పిన్ని చేతే వేయిస్తానని, ఆవిడ వస్తేగాని మొదలుపెట్టనని చెప్పండి. ఆవిడ రాకపోతే బొమ్మని పట్టుకుని నేనే వస్తానని మాత్రం చెప్పకండి."