పచ్చరంగు పంజరం

నేను పనిచేసే నాచారం ఫ్యాక్టరీలో మిగిలిన పచ్చరంగు తెచ్చి, మా చిలుకకు నేనే కట్టిన పంజరానికి రెండు పూతలు పూశాను. తన రంగే చూసి సంబరపడుతుందనుకున్నాను. రెండో రోజుకల్లా అది ముడుచుకుని కూర్చుని పచ్చటి పెచ్చులు కక్కింది. ఆ కంపుకన్నా నా తెలివే ఎక్కువ రోత పుట్టించింది.

"ఏంది సారూ, చిల్క ఊకుంటదా? తీగెలు కొరుకుతది, రంగంత కడుపులకు వోతది. గింత సదువుకున్నరు, గది తెల్వదా?" అంది పక్కింటామె.

తెలియదు. నేను పనితనమనుకున్నది పనికిమాలినతనమని తేలింది. రంగు పూసిన ఆ తీగెల జాలీ, చట్రం పీకి పారేసి, కొత్త వేపకర్రలకు రంగులేని స్టీలు జాలీ బిగించాను. మూడు రోజులు చిలుక గింజ ముట్టలేదు. నాకూ అన్నం సయించలేదు. నాలుగో రోజు జామముక్క కొరికి, నా వేలందుకోబోయింది. కిరసనాయిలుతో తోమినా గోళ్ల సందుల్లో పచ్చరంగు పోలేదు. నా మీద నాకే పుట్టిన అసహ్యంతో చెయ్యి వెనక్కి లాక్కున్నాను.