పెట్టె ఆంబోతు

కియురువెసి ఊరి చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతి గడపకీ హిల్కా తెలుసు. పేరుతో మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. "పెట్టె ఆంబోతు వచ్చింది, కొట్టం తలుపు తియ్యండ్రా" అనేవారు. చేతిలో నల్ల పెట్టె, భుజం దాకా రబ్బరు తొడుగు, కారు వెనకాల తెల్లగా పొగలు కక్కే నత్రజని డబ్బా. ఫలానా ఇంట్లో ఆవు ఎదకొచ్చిందని కబురొస్తే మంచనీ బురదనీ చూడకుండా బయల్దేరేది. డబ్బాలో సన్నటి గొట్టాలు, గొట్టాల్లో గడ్డకట్టిన విత్తనం. దాన్నిచ్చిన ఆంబోతు చచ్చి ఏళ్ళయినా సరే, గోరువెచ్చని నీళ్ళలో ముంచి కరిగించి వేస్తే ఆవు చూడి కట్టేది. చలి చంపదు, దాస్తుంది. హిల్కా ఉద్యోగమంతా ఆ ఒక్క నమ్మకం మీదే నడిచింది.

నిలవని ఆవుల సంగతీ ఆమెకి తెలుసు. మూడోసారి వేసినా కట్టకపోతే రైతు టోపీ సవరించుకుని, "సరే, లారీకి చెబుతాలే" అనేవాడు. అంతే. ఆ లారీ ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు. చిన్నప్పుడు సెలవుల్లో కారు ముందు సీట్లో కూర్చుని తల్లితో ఊళ్ళు తిరిగిన కూతురు కాత్రి ఆ మాట ఎన్నిసార్లు విందో లెక్కలేదు.

ఆ కాత్రికి ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. కువోపియో పట్నంలో సిటీ బస్సు నడుపుతుంది. కాపురం చెడింది. ఆయనగారికి పిల్లలు వద్దట. ఆ మాట చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మిగిలిన అండాలైనా తీయించి దాచుకుందామని ఒకసారి సూదులు వేయించుకుంటే, దాచడానికి పనికొచ్చేది ఒక్కటీ రాలేదు. "ఇంకొక్కసారి చూద్దాం. ఆ తర్వాత ఒళ్ళు హూనం చేసుకోవడం తప్ప లాభం లేదు" అంది డాక్టరమ్మ. సూది చూస్తే కాత్రికి చిన్నప్పట్నుంచీ కళ్ళు తిరుగుతాయి. అందుకే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, రా. నీకు చెయ్యి తిరిగిన పనేగా."

రోజూ టీవీలో సాయంత్రం వార్తలయ్యాక సూది. కాత్రి సోఫాలో వెనక్కి వాలి, చొక్కా పైకెత్తి, కప్పు వైపు చూస్తూ ఉండేది.

"పొట్ట వదులు చెయ్యవే. అలా బిగబట్టకు."

"ముందు నువ్వు ఆ చెయ్యి వెచ్చబెట్టుకో. చచ్చిన చేపలా ఉంది."

"నా ఆవులు ఒక్కటీ ఇలా సణగలేదు."

"తన్నేవిగా?"

"ఒకత్తి తన్నింది. పక్కటెముక విరిగింది. అయినా దానికి చూడి కట్టించే వదిలాను."

"గొప్పే! ఊళ్ళో అన్ని కొట్టాలూ నింపావు, నా దగ్గరికొచ్చేసరికి..." అని నవ్వబోయి కాత్రి ఆగిపోయింది. సూది అప్పటికే బయటికొచ్చేసింది.

పొట్ట మీద నీలం మచ్చలు. యూనిఫాం బొత్తాలు పట్టట్లేదు. ఎర్రదీపం దగ్గర బస్సు ఆపినప్పుడల్లా ఊరికే ఏడుపొస్తోందని చెప్పింది. ఆవులకైతే హిల్కా ఎండుగడ్డి వేసేది. కూతురికేం వెయ్యాలో తెలియక వంట మొదలెట్టింది.

ఆ వంటే కొంప ముంచింది. చేపలు కూరి కాల్చిన పెద్ద రై పిండి రొట్టె, మాంసం కుండ, బార్లీ జావ. కాత్రి ఫ్రిజ్ చూస్తే చెప్పుల పెట్టెంత. ఊళ్ళో అయితే చలికాలం ఫ్రిజ్ మొహం ఎవరు చూస్తారు? వసారా చాలు. ఇక్కడ బాల్కనీ ఉంది. మందు చల్లగా ఉండాలని కాత్రే చెప్పింది కదా అని, రొట్టెకి చోటు చేస్తూ మందు నింపిన సూది పెన్నులున్న సంచిని బాల్కనీ అరలో పెట్టింది హిల్కా. ఆ రాత్రి చలికి సరస్సు మంచు పగిలి, తుపాకులు పేలినట్టు మోగింది.

పొద్దున కాత్రి డ్యూటీకి వెళ్ళాక సంచి గుర్తొచ్చింది. మందు రాయిలా బిగుసుకుపోయి ఉంది. హిల్కా చేతులు వాటి పని అవే చేసుకుపోయాయి. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, అందులో పెన్నులు. తీసి, తుడిచి, వెలుతురుకి పట్టి చూసింది. తేటగా ఉంది. చలి చంపదు, దాస్తుంది. అట్ట మీది చిన్న అక్షరాలు చదవలేదు.

సాయంత్రం చెబుదామనే అనుకుంది. కాత్రి బూట్లు విప్పుతూనే, "అమ్మా, ఈసారి లోపల ఏదో లాగుతున్నట్టుంది. మంచిదేగా?" అంది. ఎన్నాళ్ళకో ఆ మొహం వెలిగింది. హిల్కా చేతులు రుద్ది వెచ్చబెట్టుకుంది. సూది వేసింది. మర్నాడూ వేసింది.

తర్వాతి స్కానింగులో నర్సు తెర వంక చాలాసేపు చూసింది.

"పెరగాల్సినవి ఆగిపోయాయి. మందు ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నారు కదా?"

"అక్కడే ఉంది" అంది కాత్రి.

మూల కుర్చీలో కోటు ఒళ్ళో పెట్టుకున్న హిల్కా, "లేదు" అంది. మొత్తం చెప్పేసింది.

"గడ్డకడితే ఆ మందు పనికిరాదండీ. ఆ పొద్దునే ఫోన్ చేసి ఉంటే కొత్తది ఇచ్చేవాళ్ళం" అంది నర్సు. డాక్టరమ్మ వచ్చి ఇంకో మాట అంది: "మందు వల్లేనని చెప్పలేం. ఈవిడకి మంచి మందుతోనూ ఇలాగే ఆగేవేమో." అది ఓదార్పో, శిక్షో హిల్కాకి అర్థం కాలేదు.

కారులో కాత్రి రోడ్డు వంకే చూస్తూ అంది:

"రెండు రోజులు నా పొట్టలో పొడుస్తూ ఆవుల కబుర్లు చెప్పావు."

"కరిగితే సరిపోతుందనుకున్నానే."

"అనుకుంటే చెప్పేదానివి. చెప్పలేదంటే, అనుకోలేదన్నమాట."

అది నిజమని హిల్కాకి తెలుసు.

కొత్త మందు తెచ్చుకున్న సాయంత్రం కాత్రి బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది. వార్తలు నడుస్తూనే ఉన్నాయి. లోపల ఏదో దభీమని పడింది. హిల్కా లేచింది. తలుపు దాకా వెళ్ళి, "కాత్రీ" అని పిలవబోయి మానుకుని వచ్చి కూర్చుంది. కాసేపటికి కాత్రి పాలిపోయిన మొహంతో, గోడ పట్టుకుని వచ్చింది. అప్పట్నుంచి తనే వేసుకుంది.

చివరికి ఒక్క అండం దొరికింది. అదీ పచ్చిది. దాచడానికి పనికిరాదన్నారు. డాక్టరమ్మ కాత్రి చెయ్యి పట్టుకుని, "ఇక చాలు" అంది.

ఇంటికొచ్చాక కాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. హిల్కా చేపల రొట్టె బయటికి తీసి, కత్తి పక్కన పెట్టింది. బాల్కనీ అర ఎప్పుడో ఖాళీ చేసి తుడిచేసింది.

"అమ్మా, నిలవని ఆవుల్ని లారీ ఎక్కించేవాళ్ళు కదూ?"

హిల్కా పొయ్యి తుడుస్తూ ఆగింది.

"కొందరు ఉంచుకునేవాళ్ళు."

"పాలివ్వని దాన్నా? ఎందుకు?"

"ఊరికే. అలవాటైపోయి."

"ఎవరు? ఒక్క పేరు చెప్పు."

హిల్కా మనసులోనే కారు తీసి కియురువెసి అంతా తిరిగింది. ప్రతి కొట్టం తలుపూ తీసి చూసింది. ఒక్కరు దొరికితే చాలు. ఎక్కడా లేరు.

"పేరు గుర్తు రావట్లేదే" అంది.

కాత్రి కత్తి తీసుకుని రొట్టె కోసింది. ఒక ముక్క తన ముందు పెట్టుకుని, ఇంకోటి బల్ల మీద తల్లి వైపుకి తోసింది.