రెండుసార్లు తడితే

ఉద్యోగం కావాలో, ఆ కొట్లాటలు కావాలో తేల్చుకోమని క్రెష్ నడిపే మేడమ్ అడిగేసరికి ఆయమ్మ చేతిలో ఎవరో పసివాడి తడిసిన లాగు ఉంది. దాన్ని బకెట్లో పడేసి, చేతులు కడుక్కుని, వచ్చి నిలబడింది. ఎడమ కన్ను కింద కమిలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.

"రెండూ కావాలండీ" అంది.

పనులకు వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని దింపిపోయే ఆ మూడు గదుల్లో ఆమె ఏళ్ల తరబడి పనిచేస్తోంది. మొండికేసినవాడికి అన్నం తినిపించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. సాయంత్రాలు మాత్రం మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పే హాలుకు వెళుతుంది. గుద్దడం, తన్నడం, పట్టు పట్టి పడేయడం, అన్నీ ఉన్న ఆట అది. వచ్చే ఆదివారం పోటీ ఉంది.

కిందటి పోటీలో ఆమె ఎదుటి అమ్మాయి మెడ చుట్టూ చెయ్యి బిగించిన వీడియో పిల్లల తల్లుల ఫోన్లన్నీ చుట్టేసింది. మరుక్షణం ఆ అమ్మాయి లేచి ఈమెను కావలించుకుంది. ఆ ముక్క ఎవరూ పంపలేదు! మొగుడు కొడతాడేమోనని ఒకరు, చిన్నప్పుడేదో జరిగే ఉంటుందని ఒకరు తలా ఓ కథ అల్లారు. మొగుడు పాపం దర్జీ, కోడిగుడ్డు పగలగొట్టాలన్నా జంకే మనిషి. లోకానికి అదో రోగం. ఆడది పిడికిలి బిగిస్తే వెనక ఏడుపుకథ ఒకటి ఉండి తీరాలి.

అసలు సంగతి అంత గొప్పదేమీ కాదు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఆమె గోడకు అతుక్కుపోయేది. భయం పోతుందేమోనని హాల్లో చేరింది. పోలేదు. భయపడుతూనే నిలబడడం మాత్రం వచ్చింది. అది ఆమెకు ప్రాణమైపోయింది.

ఇవాళ ఫిర్యాదు పట్టుకొచ్చింది ఉంగరాల జుట్టు బుడ్డోడి తాత. మనవణ్ణి కూడా ఆఫీసు గదిలోకి లాక్కొచ్చాడు.

"మావాడు ఇంట్లో చెల్లెలితో కలబడుతున్నాడండీ. పైగా ఒకళ్లనొకళ్లు తట్టుకోవడం! ఈవిడే నేర్పిందట" అన్నాడు.

"నేర్పానండీ" అంది ఆయమ్మ. "మా హాల్లో పట్టులో చిక్కినవాళ్లు రెండుసార్లు తడితే, పట్టినవాళ్లు ఎంత గెలుస్తున్నా సరే, వదిలెయ్యాలి. పిల్లలు కొట్టుకోవడం ఎలాగూ మానరు కదా. ఆపడం నేర్పాను."

"నీ నీతులు మాకొద్దు!" అని తాత గయ్యిమన్నాడు. బుడ్డోడు ఆయమ్మ దగ్గరికి పరుగెత్తబోయాడు. తాత వాడి మణికట్టు పట్టి ఆపి, హింస గురించి మేడమ్‌కు చెప్పుకుంటూ పోయాడు. బుడ్డోడు ఆయన చేతిమీద రెండుసార్లు తట్టాడు. ఆయన చూడలేదు. మళ్లీ తట్టాడు.

"తాతయ్యా, తట్టాను కదా!"

"నోర్ముయ్!" పట్టు ఇంకా బిగిసింది.

వాడు ఏడవలేదు. ఏం అర్థం కానట్టు ఆయమ్మ వైపు చూశాడు.

"ఆయమ్మా, తాతయ్యకి ఇది రాదా?"

తాత అరుపుకు ఆయమ్మ వీపు అప్పటికే గోడకు ఆనింది. అయినా ముందుకొచ్చి వాడి పక్కన మోకాళ్లమీద కూర్చుంది.

"ఆయనకెవరూ నేర్పలేదు నాన్నా" అని, తల ఎత్తి, "వదలండి బాబాయిగారూ" అంది, గొంతు పెంచకుండా.

తాత తన చేతికేసి కొత్తగా చూసుకున్నాడు. వేళ్లు విప్పాడు. పసి మణికట్టు మీద ఎర్రగా అచ్చులు పడ్డాయి.

మేడమ్ ఆ అచ్చులు చూసింది. తర్వాత ఆయమ్మ కన్ను చూసింది.

"సోమవారం పొద్దున్నే వస్తావుగా?"

"కుంటుకుంటూనైనా వస్తానండీ."

తాత వెళ్లడానికి లేచాడు. అలవాటుగా మనవడి మణికట్టు అందుకోబోయి, ఆగి, ఒక వేలు చాపాడు. బుడ్డోడు కాసేపు ఆలోచించి పట్టుకున్నాడు.